ఏడేళ్ల పాప వెన్ను వంకర: ఆపరేషన్ ఇప్పుడేనా, ఆగవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. పోయిన సంక్రాంతికి పరికిణీ కుట్టించినప్పుడు టైలరమ్మ, "అంచు ఒక పక్క పైకి లేస్తోంది, పాప నడుము ఎవరికైనా చూపించండి" అంది. ఎక్స్‌రే తీస్తే 41 డిగ్రీల వంకర అన్నారు. బెల్టు ఇచ్చారు. వేసవిలో ఒరుసుకుపోయి పాప ఏడుస్తుంటే బడికి మాత్రం వేసి, ఇంటికి రాగానే తీసేసేవాళ్లం. ఏడాది తర్వాత మొన్న ఎక్స్‌రేలో 54 వచ్చింది. ఒక డాక్టర్ ఇప్పుడే రాడ్లు వేసి ఎముకలు అతికించేస్తే ఒక్కసారితో పోతుందన్నారు. ఇంకో డాక్టర్ పెరిగే రాడ్లు వేయాలి, ఆరు నెలలకోసారి ఆపరేషన్ ఉంటుందన్నారు. మా మరిది ఫోన్‌లో చూసి, తాడుతో లాగే కొత్త ఆపరేషన్ ఉందట, అదే చేయిద్దాం అంటున్నాడు. మా అత్తమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటోంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను బయటికి వచ్చినందుకే ఇలా అయిందని కూడా అంటోంది. పాపకు నొప్పి లేదు, బాగానే ఆడుకుంటుంది. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. గ్రహణం నాడు బయటికి వచ్చినంత మాత్రాన బిడ్డ వెన్ను వంకరపోదు. బడి సంచి బరువుకు పోదు, ఒక పక్కకు ఒరిగి పడుకున్నా పోదు. పిల్లల్లో కనిపించే వెన్ను వంకరల్లో చాలా వాటికి కారణం ఇప్పటికీ వైద్యానికి అందలేదు. కారణం దొరికిన వాటిలో కూడా తల్లిని నిందించాల్సింది ఏమీ ఉండదు. మీరు చెబితే అత్తమ్మ వినకపోవచ్చు, ఈ పేరా చదివి వినిపించండి.

పుత్తూరు కట్టు విషయం. మన వైపు చెయ్యి విరిగినా కాలు విరిగినా పుత్తూరు బస్సెక్కడం తాతల నాటి నుంచి ఉన్నదే. పెద్దావిడ ఆ మాట ప్రేమతోనే అన్నారు. అయితే మీ పాపకు ఎముక విరగలేదు, కీలు తొలగలేదు. వెన్నుపూసలు పెరిగే కొద్దీ పక్కకు ఒరుగుతున్నాయి, ఒరుగుతూ మెలి తిరుగుతున్నాయి. తడి గుడ్డను రెండు చివర్లా పట్టుకుని పిండితే ఎలా తిరుగుతుందో అలా. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా ఆ మెలి విడదు. నూనె రాసి నొక్కించడం, పట్టి లాగించడం అసలే వద్దు. అది ఎందుకో ఎంఆర్‌ఐ గురించి చెప్పేటప్పుడు చెబుతాను.

నేను పిల్లల డాక్టర్ని, వెన్నుకు ఆపరేషన్ చేసే సర్జన్ని కాను. కానీ తిరుపతిలో ఇన్నేళ్లుగా ఇలాంటి పిల్లల్ని ఆపరేషన్‌కు ముందూ చూస్తున్నాను, తర్వాతా చూస్తున్నాను. మీకు ముగ్గురు మూడు రకాలుగా ఎందుకు చెప్పారో అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

41 నుంచి 54కు పెరగడం నిజమైన పెరుగుదలే. వెన్ను వంకరను నిలబెట్టి తీసిన ఎక్స్‌రే మీద గీతలు గీసి కొలుస్తారు. దాన్ని కాబ్ కోణం అంటారు. పది డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అని పేరు పెడతారు. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిచినా ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చు. అందుకే నాలుగైదు డిగ్రీలు పెరిగిందని ఎవరైనా భయపడితే నేను ఆగమంటాను. పదమూడు డిగ్రీలు మాత్రం కొలతలో పొరపాటు కాదు. నొప్పి లేదు కదా అన్న ధైర్యం కూడా పెట్టుకోకండి. చిన్నపిల్లల్లో ఈ వంకర చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతుంది. అందుకే దీన్ని డాక్టర్ల కంటే ముందు టైలర్లు, జడలు వేసే అమ్మమ్మలు కనిపెడుతుంటారు. మీ టైలరమ్మకు నా నమస్కారం చెప్పండి.

ఇక అసలు విషయం. పెద్దవాళ్ల వెన్ను వంకరకూ ఏడేళ్ల పిల్ల వెన్ను వంకరకూ వైద్యం ఒకటి కాదు. పెద్దవాళ్లలో నిటారుగా చేస్తే పని అయిపోతుంది. ఏడేళ్ల పాపకు ఆ వెన్ను ఇంకా పొడుగు పెరగాలి. వెన్నుతో పాటు పక్కటెముకల గూడు పెరగాలి, గూడు పెరిగితేనే లోపల ఊపిరితిత్తులకు చోటు. ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదులు ఎక్కువ భాగం ఎనిమిదేళ్లలోపే ఏర్పడతాయి. ఆ తర్వాత ఉన్న గదులు పెద్దవి కావాలి, దానికీ చోటు కావాలి. కాబట్టి మీరు ప్రతి డాక్టర్నీ ముందుగా అడగాల్సింది, "వంకర ఎంత తగ్గుతుంది?" అని కాదు. "ఈ వైద్యం తర్వాత నా బిడ్డ ఛాతీ ఎంత పెరుగుతుంది?" అని.

పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల దాకా మెడ కింద నుంచి నడుము కింద దాకా వెన్ను సుమారు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఐదు నుంచి పదేళ్ల మధ్య నెమ్మదిస్తుంది, మొత్తం మీద 5 సెంటీమీటర్లే. పది దాటాక ఎదిగే వయసులో మళ్లీ దౌడు తీసి ఇంకో 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. మీ పాప ఇప్పుడు ఆ నెమ్మది కాలంలో ఉంది. నెమ్మది కాలంలోనే ఏడాదికి 13 డిగ్రీలు వంగిందంటే, దౌడు కాలంలో చూస్తూ కూర్చోలేం. అంటే ఏదో ఒకటి చేయాలి. ఏదన్నదే ప్రశ్న.

ఒక్కసారితో అయిపోయే ఆపరేషన్‌ను ఫ్యూజన్ అంటారు. పూసలకు స్క్రూలు వేసి, రాడ్లు బిగించి, మధ్యలో ఎముక ముక్కలు పేర్చి, పూసలన్నీ ఒకే ఎముకగా అతుక్కునేలా చేస్తారు. అతుక్కున్న పూస ఇక పెరగదు. ఒక పూస ఏడాదికి సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుందని సర్జన్లు లెక్క వేస్తారు. పన్నెండు పూసలు అతికించి, పాప ఇంకో ఏడేళ్లు పెరుగుతుందనుకుంటే, పోయేది సుమారు 6 సెంటీమీటర్ల వెన్ను. ఎత్తు తగ్గడం ఒక్కటే అయితే నేను ఇంతగా చెప్పను. ఆ ఆరు సెంటీమీటర్లలో ఎక్కువ భాగం ఛాతీ నుంచి పోతుంది. ఛాతీ భాగపు వెన్ను కనీసం 18 సెంటీమీటర్లయినా, వీలైతే 22 దాకా పెరగాలని సర్జన్లు చూస్తారు. అంతకన్నా పొట్టిగా ఆగిపోతే ఊపిరి సామర్థ్యం బాగా పడిపోతుంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట పదిహేడేళ్ల అమ్మాయి జలుబు, దగ్గుతో నా దగ్గరికి వచ్చింది. ఐదేళ్ల వయసులో ఎక్కడో వెన్నంతా అతికించారు. నిలబడితే వెన్ను నిటారుగానే ఉంది. కానీ పొడుగు చేతులు, పొడుగు కాళ్లు, మధ్యలో చిన్న మొండెం. క్లినిక్ మొదటి అంతస్తులో ఉండేది. ఇరవై మెట్లు ఎక్కి వచ్చి కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడలేకపోయింది. వాళ్ల అమ్మ ఎక్స్‌రే కిటికీకి ఎత్తి పట్టుకుని, "చూడండి సార్, ఎంత తిన్నగా ఉందో" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ రోజుల్లో చేసిన డాక్టర్లను తప్పు పట్టడానికి చెప్పడం లేదు, అప్పటికి తెలిసింది అంతే. ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతున్నాను. పైగా చిన్న వయసులో వెనక వైపు మాత్రమే అతికిస్తే పూసల ముందు భాగం పెరుగుతూనే ఉంటుంది, వెన్ను మళ్లీ మెలి తిరుగుతుంది. ఒక్కసారితో పోతుందన్న మాట అక్కడ కూడా నిలవదు.

అయితే ఫ్యూజన్ అన్న డాక్టర్‌పై మీరు అప్పుడే కోపం తెచ్చుకోకండి. ఆయన ఎన్ని పూసలు అతికిస్తానన్నారో మీ ఉత్తరంలో లేదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక పూస సగమే ఏర్పడి, మేస్త్రీ గోడలో ఒక పక్క చెక్కిన రాయి పెట్టినట్టు ఉంటుంది. దాని మీద కట్టిందంతా ఒరుగుతుంది. అలాంటప్పుడు ఆ సగం పూసను తీసేసి పైనా కిందా రెండు మూడు పూసల్ని మాత్రమే అతికించడం మంచి వైద్యం, అదీ చిన్న వయసులో చేస్తేనే మేలు. రెండు మూడు పూసలు పెరగకపోతే ఛాతీకి పెద్ద నష్టం లేదు, మిగతా వెన్నంతా తిన్నగా పెరుగుతుంది. "ఫ్యూజన్" ఒకటే మాట, దాని కింద రెండు పూర్తిగా వేరువేరు ఆపరేషన్లు ఉన్నాయి. కాబట్టి వెళ్లి అడగండి: "ఏ పూస నుంచి ఏ పూస దాకా? మొత్తం ఎన్ని?" నాలుగు లోపు అంటే ఒక మాట, పన్నెండు అంటే వేరే మాట.

ఇది తేలాలంటే ఎంఆర్‌ఐ కావాలి. చేయించినట్టు మీరు రాయలేదు. పదేళ్లలోపు పిల్లల్లో వంకర 20 డిగ్రీలు దాటితే మెదడు అడుగు భాగం నుంచి తోక ఎముక దాకా మొత్తం వెన్నుకు ఎంఆర్‌ఐ తీయాలి. బయటికి మామూలుగా కనిపించే ఈ పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి లోపల వెన్నుపాములో లోపం ఉంటుంది. నీటి సంచి ఉండటం, వెన్నుపాము కింద అతుక్కుని ఉండటం, మెదడు అడుగు భాగం మెడలోకి జారడం లాంటివి. అలాంటిది ఉండగా వెన్నును లాగితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. పట్టి లాగించవద్దని ముందే చెప్పింది ఇందుకే. కొందరిలో ముందు ఆ లోపాన్ని సరిచేస్తే వంకర పెరగడం ఆగుతుంది కూడా. పూసల్లో పుట్టుకతో లోపం కనిపిస్తే కిడ్నీలకు స్కాన్, గుండెకు ఎకో కూడా చేయించాలి. కడుపులో బిడ్డకు ఇవన్నీ ఇంచుమించు ఒకే సమయంలో ఏర్పడతాయి. మీరు ఇంట్లో చూడగలిగింది కూడా ఒకటుంది. నడుము మధ్యలో వెన్ను మీద జుట్టు కుచ్చు, గుంట, కాఫీ రంగు మచ్చలు ఏమైనా ఉన్నాయా? పాప ఈ మధ్య పక్క తడుపుతోందా? ఒక పాదం రెండో దానికన్నా చిన్నగా ఉందా? ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

ఎంఆర్‌ఐలో ఏ లోపమూ లేదనుకుందాం. అప్పుడు రెండో డాక్టర్ చెప్పిన పెరిగే రాడ్లు ముందుకు వస్తాయి. రాడ్లతో వెన్నును నిలబెట్టడం ఈనాటిది కాదు. పోలియోతో వెన్ను కూలిపోతున్న పిల్లల కోసం హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే సర్జన్ చేసిన పని 1962లో అచ్చయింది. ఇప్పటి పెరిగే రాడ్లలో పైన రెండు మూడు పూసలకు, కింద రెండు మూడు పూసలకు మాత్రమే పట్టు వేస్తారు. మధ్యలో పూసల్ని ముట్టుకోరు, అవి పెరగాలి కాబట్టి. వెన్నుకు రెండు పక్కలా రాడ్లు, వాటి మధ్యలో ఒక జాయింటు. ఆరు నెలలకోసారి మత్తు ఇచ్చి, చిన్న కోత పెట్టి, జాయింటు వదులు చేసి, కొద్దిగా సాగదీసి మళ్లీ బిగిస్తారు. పాప ఎదిగే కొద్దీ పావడా మడత విప్పి పొడుగు చేస్తారే, ఆ పద్ధతే. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

వినడానికి తేలికే, నడవడానికి బరువైన దారి ఇది. ఏడేళ్లకు మొదలుపెట్టి పదకొండు దాకా ఆరు నెలలకోసారి అంటే ఎనిమిది సార్లు. మొదటి ఆపరేషన్, చివర్లో చేసే ఫ్యూజన్ కలిపితే పది. 2010లో అచ్చయిన, 140 మంది పిల్లలపై చేసిన పరిశీలనలో 58 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. రాడ్ విరగడం, స్క్రూ ఊడటం, గాయానికి చీము పట్టడం. ఒక్కో అదనపు ఆపరేషన్‌కు ఈ ముప్పు 24 శాతం చొప్పున పెరిగింది, మొదటి ఆపరేషన్ ఒక్కో ఏడాది ఆలస్యమైతే 13 శాతం చొప్పున తగ్గింది. ఇంకొకటి, సాగదీసే కొద్దీ వెన్ను బిర్రబిగుసుకుంటుంది. మొదటిసారి వచ్చినంత పొడుగు ఆరోసారి రాదు. నేను చూసే పిల్లాడొకడు సైకిల్ మీద నుంచి పడలేదు, ఎవరూ కొట్టలేదు. ఉదయం చొక్కా తొడుక్కుంటూ "అమ్మా, వీపులో టక్కుమంది" అన్నాడు. ఎక్స్‌రేలో రాడ్ రెండు ముక్కలు. మార్చారు, బాగున్నాడు, ఇప్పుడు ఎనిమిదో తరగతి. తల్లిదండ్రులు దీనికి మొదటి నుంచి సిద్ధపడి ఉండాలి, అంతే.

ఆ లెక్క మళ్లీ చూడండి. ఏడుకు బదులు తొమ్మిదేళ్లకు మొదలుపెడితే పది ఆపరేషన్లు ఆరవుతాయి. అందుకే నా అభిప్రాయంలో, ఎంఆర్‌ఐ మామూలుగా ఉండి, పాప వెన్ను ఇంకా మెత్తగా వంగే స్థితిలో ఉంటే, రాడ్ల కంటే ముందు కాలాన్ని కొనుక్కునే ప్రయత్నం ఒకటి గట్టిగా చేయాలి. మెత్తగా ఉందో లేదో తెలుసుకోవడానికి పాపను పక్కకు వంచి, లేదా లాగి పట్టుకుని ఇంకో ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ములో 54 కాస్తా ముప్పైల్లోకి దిగితే మంచి సంకేతం. యాభై దగ్గరే ఉండిపోతే బెల్టుతో పెద్దగా లాభం ఉండదు.

కాలం కొనుక్కోవడానికి రెండు దారులు. ఒకటి పిండికట్టు. లండన్ దగ్గర స్టాన్‌మోర్‌లో పనిచేసిన డాక్టర్ మిన్ మెహతా పసిపిల్లలకు వరసగా పిండికట్లు వేసి ఆపరేషన్ లేకుండానే వంకర సరిచేసి చూపించారు, 2005లో 136 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. రెండేళ్లలోపు మొదలుపెడితే వంకర పూర్తిగా పోవచ్చు. ఏడేళ్లకు పోదు, కానీ పెరగకుండా ఆపి రాడ్లను ఏడాదో రెండేళ్లో వెనక్కి నెట్టగలదు. మత్తులో వేస్తారు, రెండు మూడు నెలలకోసారి మారుస్తారు. అన్నాళ్లూ తలస్నానం, ఒంటికి తడిగుడ్డ. మన ఎండల్లో అది తేలిక కాదని నాకు తెలుసు. డిసెంబరు, జనవరి చలిలో మొదలుపెట్టే తల్లులు తెలివైనవాళ్లు.

రెండోది మీ దగ్గర ఉన్న బెల్టే. మీ ఉత్తరంలో నన్ను ఆపింది "బడికి మాత్రం వేసి" అన్న మాట. అంటే రోజుకు ఆరేడు గంటలు. బెల్టు మాత్రలాంటిదే, సగం మోతాదుకు సగం పని కూడా చేయదు. పదేళ్లు దాటిన పిల్లల మీద చేసిన పెద్ద పరిశీలన ఒకటి 2013లో వచ్చింది. బెల్టు వాడిన పిల్లల్లో 72 శాతం మందికి వంకర ఆపరేషన్ స్థాయికి చేరలేదు, వాడని వాళ్లలో అది 48 శాతమే. రోజుకు 13 గంటలు, ఆపైన వేసుకున్న వాళ్లలో 90 శాతం దాటింది. వాళ్ల వంకరలు మీ పాప కంటే చిన్నవి, వయసు ఎక్కువ, కాబట్టి అదే ఫలితం మీకు వస్తుందని నేను అనను. 54 డిగ్రీలకు బెల్టు ఒక్కటే సరిపోకపోవచ్చు. కానీ బెల్టు పనిచేయలేదని చెప్పడానికి దాన్ని సరిగ్గా వేసి చూడాలి కదా.

ఒరుసుకుపోవడం మీ తప్పూ కాదు, పాప తప్పూ కాదు. ఏడాది కిందటి కొలతకు చేసిన బెల్టు ఇప్పటికి బిగుతైపోయి ఉంటుంది. కొత్త కొలత తీయించండి. లోపల కుట్లు లేని మెత్తని నూలు బనియను, బెల్టు కన్నా ఒక బెత్తెడు పొడుగుది, తిరగేసి వేయండి. ముడత ఒక్కటి కూడా ఉండకూడదు, ముడత ఉన్నచోటే పుండు పడుతుంది. చెమటకు రోజుకు మూడు బనియన్లు మార్చండి. పౌడర్, నూనె వద్దు, అవి చర్మాన్ని మెత్తబరుస్తాయి. బెల్టు తీశాక ఎర్రటి మచ్చ అరగంటలో పోతే భయం లేదు, పోకపోతే బెల్టు చేసినాయన దగ్గరికి పరుగెత్తండి, ఆ చోట అరగదీసి ఇస్తాడు. రాత్రి నిద్రలో వేయడంతో మొదలుపెట్టండి, ఎనిమిది గంటలు అక్కడే వచ్చేస్తాయి. గోడ క్యాలెండర్ మీద ఏ రోజు ఎన్ని గంటలో పాప చేతే రాయించండి. తన చేత్తో రాసిన పిల్లలు మొరాయించడం తక్కువని నా అనుభవం.

ఎంతకాలం చూడాలి? నాలుగు నెలలు. ఆపైన ఎక్స్‌రే. ఆగితే ఇంకో నాలుగు నెలలు. మళ్లీ ఐదు డిగ్రీల కన్నా ఎక్కువ పెరిగినా, అరవై దాటినా, పాప ఆయాసపడుతున్నా, బరువు పెరగడం ఆగినా ఇక వెనుకాడకండి, పెరిగే రాడ్లకు వెళ్లండి. 54 దగ్గరే రాడ్లు వేద్దామనే సర్జన్లు ఉన్నారు, వాళ్లు చెప్పేదీ తప్పు కాదు. వెన్ను మెత్తగా వంగడం లేదని ఎక్స్‌రేలో సర్జన్ చూపిస్తే నేను కూడా ఆయన వైపే ఉంటాను.

అయస్కాంతం రాడ్ల గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. హాంకాంగ్ సర్జన్లు 2012లో ఫలితాలు ప్రకటించిన పద్ధతి. ఒకసారి ఆపరేషన్ చేసి రాడ్ పెట్టాక, బయటి నుంచి ఒక యంత్రం వీపు మీద ఆనిస్తే లోపల రాడ్ సాగుతుంది, కోత లేదు, మత్తు లేదు. పిల్లకు ఎంత హాయో చెప్పక్కర్లేదు. కానీ లోపలి భాగాలు అరిగి చుట్టూ కండలో లోహపు పొడి చేరిన సందర్భాలు బయటపడి, 2020లో బ్రిటన్ వాటి వాడకాన్ని కొంతకాలం ఆపించింది. ఖరీదు కూడా చాలా ఎక్కువ. డబ్బు లేక ఇది వేయించలేకపోయామని ఏ తల్లీ బాధపడాల్సిన పని లేదు. మామూలు రాడ్లతో చక్కగా పెరిగిన పిల్లలున్నారు.

మీ మరిది చూసిన తాడు ఆపరేషన్ నిజమే. ఛాతీ పక్క నుంచి వెళ్లి వంకరకు బయటి వైపున పూసలకు స్క్రూలు వేసి, వాటిని గట్టి తాడుతో బిగిస్తారు. బిగించిన వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, రెండో వైపు పెరిగి వెన్ను తానే తిన్నబడుతుంది. 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. వెన్ను వంగే గుణం పోదన్నది కూడా నిజం. కానీ అది ఎదిగే దౌడులో ఉన్న, ఇంచుమించు పది దాటిన పిల్లలకు. ఏడేళ్ల పిల్లకు ఇంకా ఇంత పెరుగుదల ఉండగా తాడు బిగిస్తే, వంకర తిన్నబడి అక్కడితో ఆగక అవతలి పక్కకు వంగిపోయే ప్రమాదం ఉంది. తాడు తెగిపోవడం కూడా తరచుగానే జరుగుతోంది. ఆయన పాప మేలు కోరే చెబుతున్నారు, కాకపోతే ఇంకో మూడు నాలుగేళ్ల తర్వాత అడగాల్సిన ప్రశ్న అది.

ఇది చదివే వాళ్లలో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లల తల్లిదండ్రులు ఉంటే, పైన ఫ్యూజన్ గురించి రాసింది చూసి బెదరకండి. రజస్వల అయి ఏడాది రెండేళ్లు దాటి, ఎదుగుదల చివరికి వచ్చి, వంకర 50 దాటిన పిల్లకు ఫ్యూజనే సరైన ఆపరేషన్. ఛాతీ భాగపు వెన్నులో 50 దాటిన వంకర పెద్దయ్యాక కూడా ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది.

ఎక్కడికి వెళ్లాలి? తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే ఉంది, మొదటి అభిప్రాయం అక్కడ తీసుకోండి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ పక్కనే, అక్కడ వెన్నెముకకు ప్రత్యేక విభాగం ఉంది. చెన్నై కూడా దూరం కాదు. ఎక్కడికి వెళ్లినా సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: పదేళ్లలోపు పిల్లలకు పెరిగే రాడ్లు ఏడాదికి ఎంతమందికి వేస్తారు? ఆపరేషన్ జరుగుతుండగా వెన్నుపాము పనిచేస్తోందో లేదో తలకూ కాళ్లకూ వైర్లు పెట్టి చూసే యంత్రం ఉందా? పిల్లల ఐసీయూ ఉందా? ఆరు నెలలకోసారి సాగదీసేది మీరేనా? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు. పది ఆపరేషన్ల ప్రయాణం కాబట్టి బస్సు దూరం కూడా లెక్కలోకి తీసుకోండి, అదేం చిన్న విషయం కాదు. డబ్బు సంగతి, ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ దగ్గర కూర్చుని, మొదటి ఆపరేషన్‌తో పాటు తర్వాత సాగదీసేవి కూడా వస్తాయా, రాడ్ల ఖర్చు అందులోనే ఉందా అని విడివిడిగా అడిగి రాయించుకోండి.

ఈలోపు పాపను బాగా తిననివ్వండి. సన్నగా, రక్తం తక్కువగా ఉన్న పిల్లలకే ఆపరేషన్ గాయం త్వరగా మానదు. రాగి సంగటి, గుడ్డు, చెనక్కాయలు, పాలు, పప్పు, మన ఇంట్లో ఉండేవే చాలు. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. ఆటలు మానిపించకండి, పరుగెత్తనివ్వండి. ఊపిరికి అది మేలు. అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నామని చాలామంది అడుగుతారు. ఆపరేషన్ కాకముందు ఆయాసం లేని పిల్ల నిక్షేపంగా ఎక్కవచ్చు. రాడ్లు వేశాక మాత్రం సర్జన్ సరేననేదాకా ఆగండి, 3550 మెట్లు ఎక్కడికీ పోవు. రేపు పెళ్లి, పిల్లలు ఎలా అని మీరు రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. వెన్నుకు ఆపరేషన్ అయిన ఆడపిల్లలు పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటున్నారు. పాప ముందు మాత్రం ఆ మాటలు, గూని అన్న మాట, ఎవరి నోటా రానివ్వకండి. ఏడేళ్ల పిల్ల అన్నీ వింటుంది.

ఈ వారం చేయాల్సినవి మూడు. మొత్తం వెన్నుకు ఎంఆర్‌ఐ. కొత్త బెల్టుకు కొలత. మూడోది ఇంట్లోనే: పాపను గోడకు ఆనించి స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి, స్టూలు నుంచి నడినెత్తి దాకా టేపుతో కొలిచి తేదీ వేసి రాయండి. మూడు నెలలకోసారి అదే స్టూలు, అదే గోడ. వెన్ను పెరుగుతోందో లేదో చూపించే లెక్క అది, ఏ సర్జన్ దగ్గరికి వెళ్లినా చూపించండి. ఎంఆర్‌ఐ రిపోర్టు వచ్చాక ఆ కొలతతో కలిపి నాకు మళ్లీ రాయండి.